గుహలో ఉన్నవాళ్ళకు ఏం తెలుసు?

తమ్ముడూ,

నీ రాతప్రతి మొత్తం చదివాను. జపాన్ దక్షిణ దీవి ఒకినావాలో 1945లో అమెరికాతో జరిగిన యుద్ధాన్ని తెలుగు నవలగా రాయాలని తలకెత్తుకున్నావంటేనే ముచ్చటేసింది. మన దగ్గర జపాన్ యుద్ధం ఊసు వస్తే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డ బాంబుల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. "ఎక్కడో ఉన్న దీవి గోల మనకెందుకు అని అడుగుతారేమో" అని భయపడుతూ ముందుమాటలో మూడు పేజీల సంజాయిషీ రాశావు. అడిగితే అడగనీ. ఆ మూడు పేజీలూ తీసెయ్.

ఇక అసలు విషయం. నీ నవలకున్న జబ్బు ఒక్కటే. అందులో అందరికీ అన్నీ తెలుసు. జనరల్‌కి తెలిసింది సిపాయికీ తెలుసు, సిపాయికి తెలిసింది గుహలో దాక్కున్న ముసలావిడకీ తెలుసు. పదకొండో అధ్యాయంలో ఆవిడ బెర్లిన్ పడిపోయిందని నిట్టూరుస్తుంది. ఆవిడకి ఎవరు చెప్పారు? రేడియో లేదు, పేపర్ లేదు, పగలు తల బయటపెడితే గుండ్లు. నువ్వు పుస్తకాల్లో చదివింది తీసుకెళ్ళి ఆవిడ నోట్లో పెట్టావు. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ నవల మొత్తాన్నీ లోపల్నుంచి తినేస్తోంది. ఎందుకంటే ఒకినావాలో ఎవరు బతికారు, ఎవరు చచ్చారు అన్నది చాలా చోట్ల తుపాకుల కంటే ముందు, ఎవరికి ఏం తెలుసు, ఎవరు దేన్ని నమ్మారు అన్నదాని మీద తేలిపోయింది.

ముందు రెండో అధ్యాయం చూద్దాం. 1945 ఏప్రిల్ 1, హగుషి తీరం. పడవ తలుపు తెరుచుకోగానే మెషిన్‌గన్ల మోత, నీళ్ళు ఎర్రబడటం, అమ్మా అని అరుస్తూ కూలిపోయే కుర్రాడు. బాగా రాశావు, కాదనను. కానీ ఆ రోజు ఆ తీరంలో అది జరగలేదు. అమెరికన్ సైనికులు దాదాపు ఎదురన్నదే లేకుండా ఒడ్డుకు దిగారు. సాయంత్రానికి సుమారు 60,000 మంది నేల మీదున్నారు. యోమితాన్, కదేనా విమానాశ్రయాలు రెండూ మొదటి రోజే చేజిక్కాయి. అది ఈస్టర్ ఆదివారం, పైగా ఏప్రిల్ ఫూల్ రోజు. ఎవరో తమతో ఆటలాడుతున్నారనుకున్న సైనికులున్నారు.

ఎందుకలా జరిగిందో నీకు తెలుసు, నాలుగో అధ్యాయంలో నువ్వే రాశావు. జనరల్ ఉషిజిమా మిత్సురు నడిపిన జపాన్ 32వ సైన్యం ఆ తీరాన్ని కావాలనే వదిలేసింది. వాళ్ళ దగ్గరున్న గట్టి దళాల్లో ఒకటైన 9వ డివిజన్‌ను అంతకుముందే తైవాన్‌కు తరలించారు. మిగిలిన బలంతో తీరం కాయడం దండగని కర్నల్ యహారా హిరోమిచి లెక్క వేశాడు. దక్షిణాన షురి కోట చుట్టూ ఉన్న గుట్టల్లో సొరంగాలు తవ్వుకుని కూర్చుంటే, శత్రువే వచ్చి గుట్ట గుట్టకీ ప్రాణాలు పోగొట్టుకుంటాడని పథకం. గెలుస్తామన్న ఆశతో వేసింది కాదది. జపాన్ ప్రధాన భూభాగం మీద దాడి ఎన్ని వారాలు వెనక్కి జరిగితే అన్ని వారాలు లాభమనుకున్నారు. మధ్యలో ఉన్న ఒకినావా జనం సంగతి ఆ లెక్కలో లేదు.

ఇదంతా యహారాకి తెలుసు. పడవ దిగిన అమెరికన్ కుర్రాడికి తెలియదు. వాడికి తెలిసిందల్లా అంతకుముందు ఇవో జిమా దీవి మీద దిగినప్పుడు ఏం జరిగిందో విన్న కబుర్లు. ఇప్పుడు వాడు ఇసుక మీద నడుస్తున్నాడు, ఎవరూ కాల్చడం లేదు, ముందు చిలగడదుంప చేలు, చెరకు తోటలు. ఆ టెన్షన్ రాయి. వాడు గుండు కోసం ఎదురుచూస్తూ నడిచే ఆ అరమైలు, నువ్వు రాసిన రక్తపాతం కంటే పాఠకుణ్ణి ఎక్కువ పట్టేస్తుంది. పైగా అది నిజం.

ఇప్పుడు నీ నవలలో లేనే లేని చోటికి వస్తాను. ఆ తీరానికి దగ్గర్లోనే, యోమితాన్‌లో, రెండు గుహలున్నాయి. ఒకినావాలో సున్నపురాయి గుహలు కోకొల్లలు, అక్కడివాళ్ళు గామా అంటారు. ఇందులో ఒకటి చిబిచిరి గామా, రెండోది షిముకు గామా. రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. రెంటిలో దాక్కున్నదీ చుట్టుపక్కల రైతు కుటుంబాలే.

చిబిచిరిలో సుమారు 140 మంది ఉన్నారు. ఏప్రిల్ 1న అమెరికన్లు గుహ ముందుకొచ్చి బయటికి రమ్మన్నారు, ఏమీ చెయ్యమన్నారు. లోపలివాళ్ళు నమ్మలేదు. వెదురు బల్లేలు పట్టుకుని కొందరు ఎదురు వెళ్ళారు, ఇద్దరికి తీవ్రంగా గాయాలయ్యాయి. ఆ రోజే ఎవరో పరుపులకు నిప్పు పెట్టబోతే చిన్నపిల్లల తల్లులు అడ్డుపడి ఆర్పేశారు. మరునాడు, ఏప్రిల్ 2న, ఆర్పేవాళ్ళు లేకపోయారు. 80 మందికి పైగా అక్కడే చనిపోయారు. సగానికి పైగా పిల్లలు. కన్నవాళ్ళ చేతుల్లో పోయినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు.

గుహలో ఒక మాజీ సైనికుడున్నాడు, చైనాలో పనిచేసి వచ్చినవాడు. చైనాలో నర్సుగా చేసి వచ్చిన ఒకామె కూడా ఉంది. పట్టుబడితే ఏం జరుగుతుందో జనానికి చెప్పింది వీళ్ళే. ఇక్కడ ఆగి ఆలోచించు. వాళ్ళు అబద్ధమాడలేదు. తమ సైన్యం చైనాలో పల్లెల్ని ఏం చేసిందో వాళ్ళకు తెలుసు. గెలిచి వచ్చే ఏ సైన్యమైనా అదే చేస్తుందనుకున్నారు. వాళ్ళకున్న అనుభవమే ఆ గుహను చంపింది. ఇలాంటి పాత్రను విలన్‌ను చెయ్యడం చాలా తేలిక. చెయ్యకు.

షిముకులో సుమారు వెయ్యిమంది ఉన్నారు. అక్కడా అదే భయం, అవే వెదురు బల్లేలు. కానీ ఆ గుంపులో హవాయి వెళ్ళి వచ్చిన ఇద్దరున్నారు, హిగా హెయిజి, హిగా హెయిజో. 1900 నుంచే ఒకినావా జనం చెరకు తోటల్లో కూలికి హవాయి వెళ్ళేవాళ్ళు. ఈ ఇద్దరూ అమెరికన్ల మధ్య బతికినవాళ్ళు, కాస్తో కూస్తో ఇంగ్లీషు వచ్చు. అమెరికావాళ్ళు మామూలు జనాన్ని చంపరని లోపలివాళ్ళకు నచ్చజెప్పి, తామే బయటికి వెళ్ళి మాట్లాడారు. వెయ్యిమందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇంతకంటే పెద్ద నాటకం నీ నాలుగొందల పేజీల్లో ఎక్కడుందో చూపించు. ఒకే ఊరు, ఒకే తీరం, ఒకే సైన్యం. ఒకచోట చైనా చూసినవాడు మాట్లాడాడు, ఇంకోచోట హవాయి చూసినవాళ్ళు మాట్లాడారు. అప్పట్లో విదేశం వెళ్ళొచ్చినవాడన్నా, ఇంగ్లీషు వచ్చినవాడన్నా గూఢచారేమోనని అనుమానించే రోజులు. అలాంటప్పుడు నోరు తెరవడానికి ఎంత తెగువ కావాలి? యుద్ధవీరుడి కోసం నువ్వు ఏడో అధ్యాయంలో కత్తి దూసే లెఫ్టినెంట్‌ను తెచ్చావు. మనం బొబ్బిలి కథలు విని పెరిగినవాళ్ళం కదా, వీరుడనగానే చేతిలో కత్తి ఉండాలనిపిస్తుంది. ఆ లెఫ్టినెంట్ స్థానంలో హవాయి నుంచి తిరిగొచ్చిన ఓ పెద్దమనిషిని పెట్టి చూడు.

నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. ప్రతి సీన్‌కీ ముందు, అందులో ఉన్న ఒక్కో మనిషికీ ఒక్కో కాగితం తీసుకుంటాను. ఆ పూటకి ఆ మనిషికి తెలిసినవేంటి, ఎవరి నోట విన్నది, నిజం కాకపోయినా నిజమని నమ్ముతున్నదేంటి, ఇవి రాసుకుంటాను. నీ నవలకే వేసి చూద్దాం. ఏప్రిల్ 1 రాత్రి గుహలో ఉన్న ఒక తల్లి. మొగుణ్ణి స్థానిక రక్షణ దళమని పట్టుకుపోయారు, ఎక్కడున్నాడో తెలియదు. పెద్దకొడుక్కి పదిహేనేళ్ళు, బడి నుంచే సైన్యంలోకి తీసుకున్నారు. మన నౌకాదళం వస్తుంది, వచ్చి కాపాడుతుంది అని నమ్ముతోంది. పట్టుబడితే ఆడవాళ్ళను చెరుస్తారని, మగవాళ్ళను ట్యాంకుల కింద తొక్కిస్తారని విన్నది. బియ్యం ఎన్నాళ్ళకు వస్తాయో మాత్రం ఆమెకు ఖాయంగా తెలుసు. యమాటో అనే మహానౌక బయల్దేరబోతోందని, ఏప్రిల్ 7న దారిలోనే మునిగిపోతుందని ఆమెకు తెలియదు. నీకు తెలుసు. నీకు తెలిసినదాన్ని ఆమె సీన్‌లోకి ఒక్క ముక్క కూడా జారనివ్వకు. అలాగే కథకుడి గొంతుతో హిరోషిమా గురించి ముందే సూచనలివ్వడం మూడు చోట్ల కనిపించింది. మూడూ కొట్టెయ్. ఆ జనానికి జూన్ నెల దాటడమే గగనంగా ఉంది, ఆగస్టు గురించి వాళ్ళ నెత్తిన ఎందుకు?

జూన్ 18 సంగతి కూడా తేల్చుకోవాలి. ఆ రోజు అమెరికా 10వ సైన్యం అధిపతి జనరల్ బక్నర్ ముందు వరసకు వెళ్ళి, ఫిరంగి గుండు పేలి చనిపోయాడు. దానికి నువ్వు పది పేజీలిచ్చావు. అదే రోజు జపాన్ సైన్యం హిమెయురి విద్యార్థినుల దళాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దానికి నువ్విచ్చింది ఒక్క వాక్యం.

ఆ అమ్మాయిల గురించి నీకు తెలియక కాదు, తెలిసీ పక్కన పెట్టావు. రెండు బడుల నుంచి 222 మంది విద్యార్థినులు, 18 మంది టీచర్లు. మార్చి 23 రాత్రి హాయెబారులోని సైనిక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎర్రసిలువ జెండా ఎగిరే, గుండ్లు పడని ఆసుపత్రిలో పని చెయ్యాలని వాళ్ళనుకున్నారు. తీరా వెళితే అది గుట్టను తొలిచిన సొరంగాల వరస. లోపల చీకటి, గాలాడదు, గాయాల కంపు. కాళ్ళూ చేతులూ తీసేస్తుంటే దీపం పట్టుకు నిలబడటం, కట్లలోంచి పురుగులు ఏరడం, గుండ్ల మధ్య బయటికి పరిగెత్తి అన్నం బానలు మోసుకురావడం, శవాలు పూడ్చడం. మే చివర్లో సైన్యం షురి వదిలి దక్షిణానికి జారుకున్నప్పుడు, కదల్లేని రోగులకు సయనైడ్ ఇచ్చారు. ఈ అమ్మాయిలు వానలో, బురదలో ఆ సైన్యం వెంటే నడిచారు.

అప్పటిదాకా వాళ్ళలో చనిపోయినవాళ్ళు 19 మంది. జూన్ 18 ఉత్తర్వు సారాంశం, ఇక ఎవరి దారి వాళ్ళు చూసుకోండి అని. అప్పటికి చుట్టూ నాలుగు వైపులా యుద్ధమే. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే వందమందికి పైగా పోయారు. మరునాడు పొద్దున ఇహారా దగ్గరి గుహ మీద అమెరికన్ల దాడిలో లోపలున్న చాలామంది చనిపోయారు. ఇప్పుడు హిమెయురి స్మారకం ఆ గుహ ముందే ఉంది. కాబట్టి అమెరికన్లందరినీ చాక్లెట్లు పంచే మంచివాళ్ళుగా చూపించకు. గుహల్లోకి మంటలు చిమ్మిందీ, వాటి నోళ్ళు పేల్చి మూసిందీ వాళ్ళే. ఆడవాళ్ళ మీద అత్యాచారాలూ జరిగాయి. షిముకు కథ నిజం, ఇదీ నిజం.

ఆ ఉత్తర్వు సీన్ రాసేటప్పుడు ఉద్వేగం తగ్గించు. ఒక మనిషి వచ్చి చెబుతాడు. పిల్లలు వింటారు. టీచర్ వైపు చూస్తారు. టీచర్‌కి కూడా ఏం చెయ్యాలో తెలియదు. అంతే చాలు. "గుండె చెరువైంది" అని నువ్వు రాయనక్కర్లేదు.

ఒకినావా పక్కనే ఉన్న కెరామా దీవుల అధ్యాయంలో ఇంకో చిక్కుంది. వాటిలో ఒకటైన తోకషికిలో మార్చి 28న 300 మందికి పైగా ఊరిజనం చనిపోయిన ఘటన. నువ్వు రాసిన తీరు చూస్తే జనం తమంతట తామే తెగించి ప్రాణాలు తీసుకున్నట్టుంది. వాళ్ళ చేతికి గ్రెనేడ్లు ఎలా వచ్చాయి? సైన్యం ఇచ్చింది. చాలా గ్రెనేడ్లు పేలలేదు, అప్పుడు కర్రలతో, క్షౌరపు కత్తులతో సొంతవాళ్ళనే చంపుకున్నారు. ఇవ్వడమన్న పని ఒక మనిషి చేస్తాడు, ఒక రోజున, ఒక చోట. ఆ సీన్ లేకుండా తర్వాతి సీన్ రాస్తే పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించినట్టే. ఇదేదో పాత గొడవనుకోకు. స్కూలు పుస్తకాల్లో సైన్యం పాత్రను చెరిపేయబోయారని 2007 సెప్టెంబరులో ఒకినావాలో లక్షమందికి పైగా వీధుల్లోకి వచ్చారని నిర్వాహకులు చెప్పారు.

సంభాషణల గురించి. నీ పాత్రలన్నీ ఒకే తెలుగు మాట్లాడుతున్నాయి. ఒకినావా పల్లె ముసలివాళ్ళకు టోక్యో జపనీస్ సరిగా రాదు. 1945 ఏప్రిల్‌లో 32వ సైన్యం, ఒకినావా మాటల్లో మాట్లాడేవాళ్ళను గూఢచారులుగా శిక్షిస్తామని ఉత్తర్వు ఇచ్చింది. ఇది తెలిసి కొందరు రచయితలు వెంటనే ముసలాయనకు శ్రీకాకుళం యాస తగిలిస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు, మనవాళ్ళకు నవ్వొస్తుంది. బయటి సైనికుడు గుహలోకి రాగానే అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న ముసలాయన నోరు మూసుకుంటాడు, మనవరాలు ఆయన బదులు జవాబు చెబుతుంది. అంతమాత్రం రాస్తే యాస లేకుండానే పని జరిగిపోతుంది.

చిన్న విషయాలు కొన్ని. నీ ఒకినావాలో ఏప్రిల్ నెలలో చెర్రీ పూలు రాలుతున్నాయి. అక్కడ చెర్రీలు జనవరి, ఫిబ్రవరిల్లోనే పూసి అయిపోతాయి. వసంతంలో ఎర్రగా పూసేది డెయిగో, అది మన బాడిద చెట్టే. నువ్వు చిన్నప్పుడు పొలం గట్టున చూసే ఉంటావు. ఇంటి పూటకూటికి అన్నం కంటే చిలగడదుంప ఎక్కువ. సమాధులు తాబేలు వీపులా ఉంటాయి, లోపల గదంత చోటుంటుంది, అందుకే కుటుంబాలు పెద్దల సమాధుల్లో తలదాచుకున్నాయి, సైనికులూ వాటిని వాడుకున్నారు. ఈ ఒక్క వివరం చాలు ఒక అధ్యాయానికి: తాతముత్తాతల ఎముకల కుండల పక్కన పిల్లల్ని పడుకోబెట్టడం. ఇంత వస్తువు ఉండగా నువ్వు ఓడల టన్నేజీ రాసుకుంటూ కూర్చున్నావు.

అంకెల మాట వచ్చింది గనక. ఒకినావా ప్రభుత్వ లెక్కల ప్రకారం మొత్తం మృతులు 2 లక్షలకు పైనే. అందులో ఒకినావా మామూలు జనమే సుమారు 94,000, అమెరికన్లు 12,520. ఈ అంకెలు నీ కథకుడు ప్రతి అధ్యాయం చివరా చదివి వినిపిస్తున్నాడు. మూడోసారికి పాఠకుడు కళ్ళు దాటించేస్తాడు. ఒకినావా దక్షిణాన మబుని గుట్ట మీద 1995లో కట్టిన శాంతి శిలాఫలకాలున్నాయి. మనవాళ్ళు, పగవాళ్ళు, సిపాయిలు, మామూలు జనం అని విడదీయకుండా అందరి పేర్లూ చెక్కారు, 2,40,000 దాటాయి, ఇప్పటికీ కొత్తవి చేరుతున్నాయి. కూలి పనికి లాక్కొచ్చిన కొరియన్ల పేర్లు మాత్రం అక్కడ చాలా తక్కువ. ఊరివారీగా ఉన్న వరసల్లో కొన్నిచోట్ల పేరుండదు. ఫలానా ఆయన పెద్దకొడుకు, ఫలానా ఆమె బిడ్డ అని ఉంటుంది. ఆ బిడ్డ పేరు చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదన్నమాట. 94,000 అని రాసేచోట ఇలాంటి ఒక్క పంక్తి పెట్టి చూడు.

ఇంకొకటి, దీనికి నా దగ్గర తేలికైన సలహా లేదు. చిబిచిరి నుంచి బతికి బయటపడ్డవాళ్ళు దాదాపు నలభయ్యేళ్ళు నోరు విప్పలేదు. ఒకే వీధిలో, చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒకే కుటుంబంలో ఉంటే ఏం మాట్లాడతారు? కురుక్షేత్రం అయ్యాక ఆడవాళ్ళు శవాల మధ్య తిరుగుతూ గట్టిగా ఏడుస్తారు, గాంధారి కృష్ణుణ్ణి నిలదీస్తుంది. ఒకినావాలో నిలదీయాల్సినవాళ్ళు తమలో తామే ఉన్నారు. నీ ఆఖరి అధ్యాయంలో తల్లి పాత్ర మనవడికి అంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది. చెప్పదనుకుంటాను. చెప్పినా మధ్యలో కొంత వదిలేస్తుంది, ఆమె కొంత వదిలేసిందని మనవడికి కూడా తెలియదు, పాఠకుడికి మాత్రమే తెలియాలి. అదెలా రాయాలో నువ్వే తేల్చుకోవాలి.

కొత్తగా చదవాల్సినవి ఎన్నో ఉన్నాయనుకుని బెంబేలెత్తకు. సైన్యాల చరిత్రలు నువ్వు కావలసినంత చదివేశావు, ఇక కట్టిపెట్టు. ఒకినావాలో ఊళ్ళవారీగా బతికినవాళ్ళ వాంగ్మూలాలు సేకరించారు, ఇంగ్లీషులోకి వచ్చినవీ ఉన్నాయి. వాటిని పట్టుకో. చదివేటప్పుడు ఏం జరిగిందన్నది ఎలాగూ రాసుకుంటావు, "నాకప్పుడు తెలియదు", "అలా అనుకున్నాం" అన్న చోట్ల కింద గీత గీసుకో. నీ నవల అక్కడుంది.

రెండో అధ్యాయం, పదకొండో అధ్యాయం ముందు తిరగరాయి. చిబిచిరి, షిముకు రెండూ పెట్టాలా, ఒకటే తీసుకోవాలా అని నన్నడుగుతావు, నాకు తెలుసు. రెండూ పెడితే పోలిక కోసమే పెట్టినట్టుంటుందేమోనని నా అనుమానం. ఒక్క గుహే తీసుకుని, పక్క గుహలో ఏం జరుగుతోందో లోపలివాళ్ళకు తెలియనట్టే ఉంచి చూడు. కుదరకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. ఈసారి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింటు తీయించు, నా కళ్ళు ఇదివరకటిలా లేవు.

ఉంటాను.